ఎడమ చేతికి ఒక పీలర్

కిందటి నెల మా చెల్లెలి కూతురు కొత్త కాపురానికి వంట సామాను కొనుక్కుంటూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. "పీలర్ మాత్రం పెద్దమ్మ చేత ఎంచించు అని అమ్మ మరీ మరీ చెప్పింది" అంది. అది పొగడ్తో ఎకసెక్కమో తేల్చుకోలేక నోరు మూసుకుని బయల్దేరాను. బెంజి సర్కిల్ దగ్గర పెద్ద షాపు. గోడ పొడుగునా కొక్కేలకు పీలర్లు వేలాడుతున్నాయి, రంగురంగులవి, పిల్లల బొమ్మల కొట్లో ఉన్నట్టు. ఒక్కొక్కటే తీసి చూశాను. పిడి లావుగా ఉండాలి. సన్నపిడి అయితే పిడికిలి మరీ బిగించాల్సి వస్తుంది, నాలుగు కాయలు గీకేసరికి వేళ్లు లాగేస్తాయి. తడి చేత్తో పట్టుకుంటే జారకూడదు. బ్లేడు వేలితో తోస్తే కదలాలి గానీ లొడలొడలాడకూడదు. బ్లేడు వెనక సందు ఉండాలి, లేకపోతే తొక్క ఇరుక్కుని ప్రతిసారీ గోటితో పీక్కోవాలి. కొసన చిన్న ముక్కులాంటిది ఉంటే బంగాళదుంప గుంటల్లో నల్లమచ్చలు తీయడానికి పనికొస్తుంది. ఇదంతా ఆ సేల్స్ అమ్మాయికి పాఠం చెప్పినట్టు చెప్పి, చివర్లో అలవాటు కొద్దీ అడిగేశాను, ఇది ఎడం చేత్తో గీకినా తెగుతుందా అని. మా పిల్ల నవ్వింది. మా ఇంట్లో ఎడం చేతివాటం వాళ్లెవరూ లేరుగా పెద్దమ్మా అంది. ఉంటే మంచిదేలే అని ఊరుకున్నాను. మా అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఒక్క పీలర్ని కూడా నేను కుడి చేత్తో పట్టుకు చూసి కొనలేను.

మేం గుణదలలో కొండ కింద ఉండేవాళ్లం. మేరీమాత గుడికి పోయే దారిలోంచి పక్కకి చీలిన సందులో రెండు గదుల డాబా, వెనక చిన్న దొడ్డి, దొడ్లో ఓ మూల కుళాయి, ఇంకో మూల మరుగుదొడ్డి. నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో మెకానిక్. పొద్దున షిఫ్టు ఉన్నప్పుడు ఆయన బస్సు ఎక్కేలోపు క్యారేజీ సిద్ధం కావాలి కాబట్టి మా ఇంట్లో తెల్లారడం అంటే కూరగాయల వాసనే. అమ్మ వంటింటి నేల మీద కత్తిపీట వేసుకుని, దాని పీట మీద కాలు నొక్కిపెట్టి కూర్చునేది. బీరకాయ అయితే ముందు ఈనెలు తీసి, తర్వాత పైపొట్టు లేతగా గీకి ఒక గిన్నెలో వేసేది. ఆ పొట్టు పారేస్తే మహాపాపం. పచ్చిమిరపకాయలతో, నువ్వులతో వేయించి, చింతపండు పెట్టి నూరితే ఆ పచ్చడి కోసం చెల్లీ నేనూ కొట్టుకునేవాళ్లం. దోసకాయ రోజున ఇంకో తంతు. పసుపు దోసకాయ పైకి ఎంత బంగారంలా ఉన్నా లోపల చేదు ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. కాయకాయకీ ముక్క కోసి నోట్లో వేసుకుని చూడాల్సిందే. అమ్మ చేదు చూసేటప్పుడు మేం ఆమె మొహంలోకి చూసేవాళ్లం. ఒక కనుబొమ్మ లేచిందంటే ఆ కాయ గేదెలకి పోయే బకెట్లో పడినట్టే. ఆమె చేతి దోసకాయ పప్పులో చేదు తగిలిందని నాన్న ఒక్కసారి కూడా అనగా నేను వినలేదు.

నాన్న వాళ్లమ్మ మాతోనే ఉండేది. మామ్మ అనేవాళ్లం. గుడివాడ అవతల పల్లెలో పుట్టి, పెరిగి, నాట్లు వేసి, కలుపు తీసి, వయసంతా బురదలోనే గడిపి కొడుకు ఉద్యోగం పుణ్యమా అని బెజవాడ వచ్చింది. పొద్దున్నే జపమాల, ఆ వెంటనే చుట్ట. రెండూ ఒకే భక్తితో చేసేది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. మాకు ఆమె నేర్పిన మొదటి నియమం, దేన్నీ ఎడం చేత్తో ఇవ్వకూడదు, ఎడం చేత్తో పుచ్చుకోకూడదు. అందరిళ్లలోనూ ఉన్నదే అది, కానీ మామ్మకి దాని మీద పిచ్చి కోపం ఉండేది. చెల్లి ఒకసారి పక్కింటి వాళ్ల అమ్మాయికి బిస్కెట్టు ఎడం చేత్తో ఇచ్చినందుకు వీపు మీద ఒక్కటి వేసింది. కోపం తగ్గాక దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. వాళ్ల పల్లెలో మావాళ్లు పనికి పోతే ఆసాముల ఇళ్లలో మిగిలిన కూడు ఎడం చేత్తో వేసేవాళ్లట, దూరం నుంచి, కొంగులో పడిందా నేల మీద పడిందా చూడకుండా. "ఎడం చేత్తో పెట్టిన కూడు చాలా తిన్నాం. మన గుమ్మంలోకి ఆ చెయ్యి రాకూడదు" అంది. మామ్మ చాలా మాటలనేది గానీ అన్నీ గుర్తుండలేదు. అది మాత్రం ఉండిపోయింది. అమ్మ కూడా అలాంటి ఇంట్లోంచే వచ్చింది కాబట్టి అత్తాకోడళ్లకి ఈ ఒక్క విషయంలో పేచీ ఉండేది కాదు.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లు దగ్గరపడ్డాయి. చుట్టాలు వస్తారని అమ్మ పొద్దుటినుంచీ పని మీద ఉంది. కత్తిపీట ముందు కూర్చుని సొరకాయ చెక్కు తీస్తుంటే కాయ చేతిలోంచి జారి గుమ్మం దాకా దొర్లింది. తీసుకురమ్మని నాతో అంది గానీ ఆ మాట నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు వచ్చింది. నేను కాయ తెచ్చేలోపే కుడివైపుకి ఒరిగిపోయింది. కత్తి మీద పడకపోవడం ఒక్కటే ఆరోజు మాకు జరిగిన మంచి. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. తర్వాత మాట మెల్లిగా వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఎవరో చెప్పారని పావురం రక్తం రాశారు, ఇంకెవరో చెప్పారని ఏదో ఊరి నూనెతో మర్దన చేశారు. నాన్న చెప్పుల్లేకుండా కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించి వచ్చాడు. ఆ చెయ్యి ఒళ్లో పెడితే ఒళ్లో, మంచం మీద పెడితే మంచం మీద, ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. మాత మీద నాకు కోపం లేదు. అడిగేవాళ్లు ఆమెకి చాలామంది.

వంట మామ్మా నేనూ చేసేవాళ్లం. నేను బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి వంటింట్లోకి పోయేదాన్ని. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో గుమ్మానికి ఆనుకుని కూర్చుని మమ్మల్నే చూస్తుండేది. ఉప్పు ఎక్కువేస్తే ఏమీ అనదు, మాడ్చేస్తే ఏమీ అనదు. అలా ఏమీ అనకపోవడం చూస్తేనే మాకు భయమేసేది. ఎడం చేత్తో అన్నం కలుపుకుని తినడానికి చచ్చినా ఒప్పుకోలేదు. చివరికి స్పూను ఇస్తే, చెయ్యి అన్నానికి తగలదు కదా అని దానికి సరే అంది. ఒక సాయంత్రం నాన్న బస్సు దిగి వచ్చి చొక్కా విప్పుతుంటే, "ఏవండీ, నాకేదన్నా పని పెట్టండి. ఊరికే కూర్చుని తింటుంటే ముద్ద దిగట్లేదు" అంది. కత్తిపీట ముందు కూర్చోవడం ఇంక కుదరదు, దానికి రెండు చేతులూ కావాలి, మడతపడే మోకాళ్లూ కావాలి. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఒంటిచేత్తో చేయగలిగిందేమిటా అని నాన్న ఆలోచించాడు. అప్పుడొచ్చింది మా ఇంట్లోకి పీలర్.

మొదటిది అందరిళ్లలో ఉండేదే, రేకు పిడి, మధ్యలో చీలిక ఉన్న బ్లేడు. కాయని నేను పట్టుకున్నాను, అమ్మ ఎడం చేత్తో గీకింది. అది దోసకాయ మీద జారిపోతోంది తప్ప తెగట్లేదు. ఎంత నొక్కినా అంతే. "దీనికి ఎడం చెయ్యంటే ఏంటో తెలీదండి" అని నవ్వింది అమ్మ, జబ్బు చేశాక మొదటిసారి. నాన్న కళ్లజోడు పెట్టుకుని లైటు కింద పట్టి చూస్తే, ఆ చీలికకి ఒకవైపే పదును ఉంది. కుడిచేతివాళ్లు గీకే వైపు. అప్పటిదాకా ఆ సంగతి మాలో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరం ఏముంది? నాన్న రెండోవైపు కూడా పదును పెడతానని ఆకురాయితో రాసి రాసి ఆ బ్లేడుని దేనికీ పనికిరాకుండా చేశాడు. తర్వాతది బ్లేడు అటూ ఇటూ ఊగే రకం, ప్లాస్టిక్ పిడి. బంగాళదుంపల దగ్గర బాగానే నడిచింది గానీ బీరకాయ ఈనె దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుని గిలగిల్లాడేది. పిడి సన్నం. అమ్మ ఎడమ చేతికి అప్పటికింకా పట్టు చాలదు, పిడి చేతిలో తిరిగిపోయేది. నాన్న దానికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు. పట్టు దొరికింది గానీ కొన్నాళ్లకే పిడి పుటుక్కుమంది. ఇంకొకటి, ఇంకొకటి. బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద ఏ రకం కనబడినా తెచ్చేవాడు. వంటింటి సొరుగు నిండా చచ్చిన పీలర్లే. ఆయన థర్మల్ స్టేషన్‌లో అంతంత యంత్రాలు బాగుచేస్తాడు, ఇంట్లో ఒక పీలర్ దగ్గర ఓడిపోయానని మొహం ముడుచుకునేవాడు.

చివరికి అమ్మనే తీసుకెళ్లాం. వన్‌టౌన్‌లో మస్తాన్ గారని స్టీలు సామాన్ల కొట్టాయన ఉండేవారు, నాన్నతో పనిచేసే ఒకాయనకి బావమరిది. రిక్షా దింపి అమ్మని నడిపించుకుని వెళ్తే ఆయన లేచి వచ్చి తన స్టూలు వేశారు. పక్కబండి మీంచి బంగాళదుంపలూ బీరకాయలూ తెప్పించి, తనే కాయ పట్టుకుని, ఒక్కో పీలరూ అమ్మ చేతికిచ్చి గీకించారు. కొనేవాళ్లు వస్తున్నారు, పోతున్నారు, ఆయన పట్టించుకోలేదు. ఒకటి ఉండేలు పంగలాగా ఉంది. రెండు కొమ్ముల మధ్య బ్లేడు అడ్డంగా బిగించి ఉంది. అమ్మ దాన్ని బీరకాయ మీద పెట్టి తనవైపుకి లాగింది. ఈనె కూడా ఆగలేదు, తొక్క పొడుగ్గా వచ్చి ఒళ్లో పడింది. "వచ్చిందండీ" అంది అమ్మ, ఎవరితోనో తెలీదు. మస్తాన్ గారు, "దీనికి ఏ చెయ్యైనా ఒకటేనమ్మా" అన్నారు. నాన్న అలాంటివే రెండు కొన్నాడు, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని. కాయ పట్టుకోవడానికి మనిషి అక్కర్లేకుండా ఒక చెక్కపలకకి అడుగునుంచి స్టీలు మేకులు కొట్టి తెచ్చాడు. కాయని ఆ మేకులకి గుచ్చితే కదలదు. పలక జారకుండా అడుగున మళ్లీ సైకిలు ట్యూబే. ఆరోజు ఆయన గొప్పలు వినలేక మామ్మ చుట్ట తీసుకుని బయటికి పోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇల్లు మళ్లీ ఇల్లయింది అనుకున్నాను నేను. పొద్దున లేచేసరికి బల్ల మీద ముక్కలు సిద్ధంగా ఉండేవి. చెక్కు తీసి, అదే పలక మీద కత్తితో మెల్లిగా కోసి గిన్నెలోకి తోసేది. సొరకాయ, అరటికాయ, చేమదుంప, అన్నీ. బీరపొట్టు పచ్చడి మళ్లీ మొదలైంది. పీలర్ పొట్టు మరీ పల్చన, నమిలితే తెలియట్లేదని మామ్మ సణిగేది గానీ ముద్ద మీద ముద్ద తినేది. ఎడం చెయ్యి సంగతి ఆవిడ ఎత్తుతుందేమోనని నేను భయపడ్డాను. ఎత్తలేదు. చెప్పాలంటే వంటింట్లో ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉన్నదే. కాయని పట్టుకునేది అదే, ముక్కల్ని దగ్గరికి లాగేది అదే. కుడిచెయ్యి ముందుండి నడిపినన్నాళ్లూ దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

అప్పుడు పప్పు చేదైంది. నాన్న క్యారేజీ తిన్నది తిన్నట్టే వెనక్కి వచ్చింది, ఇంట్లో మేమూ కంచాలు పక్కకి నెట్టాం. దోసకాయ కదా, ఎప్పుడో ఒకప్పుడు జరిగేదేలే అనుకున్నాం. మళ్లీ దోసకాయలు తెచ్చిన రోజూ చేదే. ఈసారి మామ్మ, చేదు చూడలేదా అమ్మాయ్ అని అడిగింది. చూశానత్తయ్యా, నాలిక్కి సరిగ్గా తెలియట్లేదేమో అంది అమ్మ. జబ్బు నాలికని కూడా తినేసిందా అని నాన్న మొహం పాలిపోయింది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. మూడోసారి దోసకాయలు మామ్మే తెచ్చి, పొద్దున జపమాల పట్టుకుని అమ్మ పక్కనే స్టూలు వేసుకు కూర్చుంది. నేను పొయ్యి దగ్గరున్నాను. అమ్మ చెక్కు తీసింది, కోసింది, గింజలు తీసింది, గిన్నెలోకి తోసింది. ఒక్క ముక్క కూడా నోటి దాకా పోలేదు. మామ్మ గిన్నెలోంచి ఒక ముక్క తీసి అమ్మ పెదాల దగ్గర పెట్టింది. అమ్మ మొహం తిప్పేసుకుంది.

"వద్దత్తయ్యా. నేను తినలేను."

"నా చేత్తో పెడుతున్నాగా, ఎందుకు తినలేవు?"

"కోసింది ఈ చెయ్యేగా. పొద్దున దీంతో ఏం చేశానో నాకు తెలుసు."

పొయ్యి మీద ఏముందో కూడా నాకు గుర్తులేదు. ఆ మాట విన్నాక తెలిసింది మాకు, అన్నాళ్లుగా ఆమె కంచంలో కూర అన్నదే లేదని. చారు పోసుకునేది, మామ్మ పెట్టిన ఆవకాయ వేసుకునేది, ఆకలి లేదనేది. జబ్బు మనిషి కదా అని మేం సరిపెట్టుకున్నాం. ఉన్నది ఒక్క చెయ్యి. దొడ్లోకి వెళ్లి శుభ్రం చేసుకునేదీ అదే, బల్ల దగ్గర కూర్చుని మాకు కూర తరిగేదీ అదే. ఎర్ర సబ్బుతో రుద్దుకుని, బూడిదతో రుద్దుకుని, మళ్లీ సబ్బుతో రుద్దుకుని వచ్చేదట. వేళ్ల సందులు పగిలి ఉన్నాయని నేను చూశాను కూడా, నీళ్లలో నానడం వల్ల అనుకున్నాను. అంత కాలం మేం పీలర్లు మారుస్తూ కూర్చున్నాం, ఇంటిల్లిపాదీ, బ్లేడు దేనికి ఒకవైపు ఉంది, పిడి ఎందుకు తిరుగుతోంది అని. ఆ చెయ్యి తనకే రోతగా ఉందని ఆమెని ఒక్కరం అడగలేదు. అడిగే విషయమా అది?

నాన్నకి చెప్తే ఆయన తన లెక్కలు చెప్పాడు. కాయని తాకేది బ్లేడు కదా, తరిగాక మూడు నీళ్లలో కడుగుతాం కదా, పొయ్యి మీద ఉడుకుతుంది కదా, క్రిములు ఎక్కడుంటాయి అని. అన్నీ నిజమే. అమ్మ తల వంచుకుని విని, "మీకు పెట్టకూడదనే అనుకున్నా. ఎన్నిసార్లు కడిగినా నాకు పోయినట్టుండదు. కానీ ఆ కాస్త పనీ లేకపోతే ఇంక నేనెందుకండీ?" అంది. నాన్న దొడ్లోకి వెళ్లి కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నీళ్లు పోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, ఆయన ఏమీ కడుక్కోవట్లేదు.

ఆ ఇంట్లో దీనికి మార్గం చూపిస్తుందని నేను ఆఖరికి కూడా అనుకోని మనిషి మామ్మ. రెండు రోజులు పోయాక ఒక పొద్దున అమ్మ చెంబు తీసుకుని దొడ్లోకి బయల్దేరుతుంటే వెనకే లేచి, చుట్ట పక్కన పెట్టి, తనూ వస్తానంది. శుభ్రం చేసే పని తనదని, అమ్మ చెయ్యి తలుపు గొళ్లేనికి తప్ప దేనికీ తగలక్కర్లేదని. అమ్మ గుమ్మం పట్టుకుని కదల్లేదు. అత్తగారి చేత ఆ పని చేయించుకుంటే పాపం చుట్టుకుంటుందని ఏడ్చింది.

"నా కొడుకుని కడిగా. నీ ఇద్దరు పిల్లల్నీ కడిగా. ఆసాముల గేదెల్ని కూడా కడిగా. నువ్వొక్కదానివి ఎక్కువయ్యావా? పద."

అలా మొదలైంది. ఇద్దరూ కలిసి దొడ్లోకి పోయేవాళ్లు, కలిసి వచ్చేవాళ్లు. ఆ వ్యవహారం గురించి ఇంట్లో ఎవరం ఒక్క మాట మాట్లాడేవాళ్లం కాదు. తిరిగొచ్చాక మామ్మ అమ్మ ఎడమ చెయ్యి కుళాయి కింద పెట్టి తనే ఒకసారి రుద్ది, కొంగుతో తుడిచి, వెళ్లు అనేది. ఆ తర్వాత వచ్చిన దోసకాయ రోజున అమ్మ ముక్క నోట్లో వేసుకుంది. నేను ఆమె మొహం వంక చూస్తున్నాను. కనుబొమ్మ లేచింది. ఆ కాయ బకెట్లో పడేసి ఇంకోటి మేకులకి గుచ్చింది. అంత చేదు కాయ మా ఇంటికి వచ్చినందుకు నేను సంతోషించాను. ఆరోజు అమ్మ తన కంచంలో పప్పు పెట్టించుకుంది.

కానీ డెబ్బై దాటిన మనిషి నడుము మీద నిలబెట్టిన సంతోషం ఎన్నాళ్లుంటుంది? మామ్మకి మోకాళ్లు పట్టేసేవి. వానాకాలంలో అసలు లేవలేకపోయేది. ఆమె లేవలేని పొద్దున అమ్మ తన పని తను చేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుని, బల్ల వైపు చూసేది కాదు. నేను ఏమీ అడక్కుండా పీలర్ తీసుకుని కూర్చునేదాన్ని. మామ్మ మంచంలోంచి, నడుం కాస్త సర్దుకోనీ అమ్మాయ్, వస్తున్నా, అనేది. అమ్మ, తొందరేం లేదత్తయ్యా అనేది. అలాంటి పొద్దులు అప్పుడొకటి ఇప్పుడొకటిగా మొదలై, తర్వాత ఎక్కువయ్యాయి, ఆ తర్వాత అవే మిగిలాయి. నేను అప్పటికి కాలేజీకి వెళ్తున్నాను. మామ్మ ఒక ముసురు రోజున నిద్రలోనే పోయింది. ఎత్తేటప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపుకి సందులోవాళ్లు ఆశ్చర్యపోయారు, అత్తగారి కోసం ఇంతగా ఏడ్చే కోడలు ఉంటుందా అని. ఆమెకి ఏం పోయిందో వాళ్లకేం తెలుసు?

చుట్టాలంతా వెళ్లిపోయాక నేను అమ్మతో అన్నాను, మామ్మ చేసింది నేను చేస్తానని. ఎలా చెప్పాలో చాలా ఆలోచించుకుని, మామూలుగా, ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగినట్టు అడిగాను. అమ్మ నన్ను దగ్గరికి రమ్మని, ఎడం చేత్తో తాకబోయి, ఆ చెయ్యి ఆపేసుకుంది.

"మీ మామ్మ పెద్దది. ఆమె ముందు నేను పిల్లనయ్యా. నీ ముందు ఎట్టా అవుతానే?"

నాన్న కూడా అడిగాడట. ఆయన అడిగినప్పుడు నేను లేను. ఇక ఆ మాట ఎత్తొద్దని మాత్రం నాతో చెప్పాడు. అంతే. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. ఒకరోజు కోపం పట్టలేక, మమ్మల్ని ఇలా ఏడిపించడం కంటే చెయ్యి కడిగించుకోవడం కష్టమా అని అరిచాను కూడా. వినలేదు. మేకుల పలక అటక మీదికి పోయింది. పీలర్ నేను వాడుకున్నాను, నేనూ చెల్లీ. అమ్మ కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర్నుంచి వీధి వరండాలోకి మారింది. ఎవరు మార్చారో గుర్తులేదు, బహుశా తనే ఈడ్చుకుని ఉంటుంది. కూర ఏం వండాలని కూడా అడిగేది కాదు. పెట్టింది స్పూనుతో తినేది. దోసకాయలకి చేదు నేను చూసేదాన్ని. పప్పు ఎప్పుడైనా చేదైతే మారుమాట లేకుండా తినేసేది.

ఇప్పుడు ఏ ఇంటి బాత్రూంలో చూసినా నీళ్లు చిమ్మే గొట్టం ఉంది, మీట నొక్కితే చాలు. మందుల షాపులో పారేసే గ్లౌజులు డబ్బాలు డబ్బాలు అమ్ముతారు. జీతానికి మనిషిని పెట్టుకుంటే వచ్చి చేసి వెళ్తుంది, ఆమె ఎవరో మనకి తెలియాల్సిన పని లేదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. ఒంటిచేతివాళ్ల కోసం మేకుల పలకలు కూడా తయారుచేసి అమ్ముతున్నారని విన్నాను, మా నాన్న చేసిన లాంటివే, ఇంకాస్త నునుపుగా. ఇవన్నీ చూసినప్పుడు, అయ్యో ఆరోజుల్లో ఉంటే మా అమ్మ వంటింట్లోనే ఉండేదేమో అనిపిస్తుంది. మరుక్షణమే ఆమె మొహం గుర్తొస్తుంది. ఉండేది కాదు. గొట్టం ఇచ్చినా, గ్లౌజు ఇచ్చినా, అది ఏ చెయ్యో ఆమెకి తెలుసు. ఎడం చేత్తో పెట్టిన కూడు ఎలా ఉంటుందో ఆమెకి పుట్టినప్పటినుంచీ చెప్తూ వచ్చారు, తన పిల్లలకి తను ఆ చేత్తో పెట్టదు. ఆ బోధ మీద నాకు ఒళ్లు మండుతుంది. అది చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకుందామంటే, వాళ్ల కొంగుల్లో ఏం విసిరారో గుర్తొచ్చి అదీ చేతకాదు. మంచి పీలర్ ఎలా ఉండాలో నన్నడిగితే గంటసేపు చెప్పగలను. దాంతో ఏం బాగుపడిందంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

వరండాలోని ఆ కుర్చీలో అమ్మ చాలా ఏళ్లు కూర్చుంది. నా పెళ్లయింది, చెల్లి పెళ్లయింది, నాన్న రిటైరయ్యి, ఒకరోజు ఆయనా వెళ్లిపోయాడు. తర్వాత అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఇంట్లో కూడా బాత్రూం తలుపు లోపల గొళ్లెం పెట్టుకునేది. పడిపోతావే, గొళ్లెం వద్దే అని తలుపు బాదినా తీసేది కాదు. లోపల నీళ్లు పడుతూ, ఆగుతూ, మళ్లీ పడుతూ ఉండేవి. నేను బయట గోడకి ఆనుకుని నిలబడేదాన్ని. మళ్లీ జబ్బు చేసి, ఆసుపత్రి నుంచి ఈసారి ప్రాణం లేకుండా వచ్చింది.

గుడికి తీసుకెళ్లే ముందు స్నానం చేయించాలన్నారు. సంఘం ఆడవాళ్లు కొంగులు దోపుకుని వచ్చారు. నేను చేస్తాను, మీరు బయట ఉండండి అన్నాను. చెల్లి నీళ్లు అందించింది. ఎడమ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, వేలు వేలూ, పగిలిన సందులూ, సబ్బు పెట్టి నెమ్మదిగా కడిగాను. తర్వాత ఆమె ఇన్నేళ్లూ తలుపు వేసుకుని నా నుంచి దాచుకున్న ఒళ్లంతా కడిగాను. వద్దనలేదు.